ఇంగ్లిష్‌కు తోడు గ్రీకు, రోమ్: ఏ డిగ్రీ ఎవరికి?

మా మేనకోడలు ఇంగ్లండులో పుట్టి అక్కడే చదువుకుంటోంది. డిగ్రీలో ఇంగ్లిష్ సాహిత్యం తీసుకుంటానన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. దానికి ప్రాచీన గ్రీకు, రోమన్ సంస్కృతిని కూడా జోడిస్తానన్న రోజున మాత్రం మా బావగారు నాకు ఫోను చేశారు. పాతికేళ్లుగా ఇక్కడ డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ పాఠాలు చెబుతున్నాను కాబట్టి, ఈ గొడవకు మూలం నేనేనని ఆయన అనుమానం. "ఇంతకీ ఇది ఒక డిగ్రీయా, రెండా? ఒకటే అయితే, రెండిట్లోనూ సగం సగం చదివి ఏం చేస్తుంది?" అని అడిగారు.

ప్రశ్న మంచిదే. ఆ తర్వాత రెండు నెలల పాటు ఆ అమ్మాయీ నేనూ బ్రిటన్ విశ్వవిద్యాలయాల కోర్సు వివరాలు ముందేసుకుని కూర్చున్నాం. ఇదే దారి ఆలోచిస్తున్న మరో కుటుంబానికి అక్కరకు వస్తుందని, మేము తేల్చుకున్న సంగతులు రాస్తున్నాను.

ముందు, ఈ రెండూ ఎందుకు కలపాలి? మన దగ్గర నన్నయ భారతం చదివే విద్యార్థికి వ్యాసుడి ఊసు తెలియకపోయినా పరీక్ష గట్టెక్కుతుంది. కానీ నన్నయ ఎక్కడ వ్యాసుడి వెంట నడిచాడో, ఎక్కడ పక్కకు తప్పుకున్నాడో తెలిస్తేనే ఆయన చేసిన పని కంటికి ఆనుతుంది. ఇంగ్లిష్‌లో మిల్టన్ సంగతీ అంతే. 'ప్యారడైజ్ లాస్ట్' 1667లో పది భాగాలుగా వచ్చింది. 1674లో దాన్ని ఆయన పన్నెండు భాగాలుగా మార్చాడు. రోమన్ కవి వర్జిల్ రాసిన 'ఈనియడ్' కూడా పన్నెండు భాగాలే. వర్జిల్ తెలియని పాఠకుడికి అది అచ్చు పనిలో జరిగిన సర్దుబాటులా కనబడుతుంది. తెలిసినవాడికి అది ఒక సవాలు. ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోనక్కరలేదు. కమీలా షంసీ 2017లో రాసిన 'హోమ్ ఫైర్' నవల ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ 'యాంటిగొనీ'ని లండన్‌లోని ఒక పాకిస్తానీ మూలాల కుటుంబంలోకి తెచ్చి నిలబెట్టింది.

నా సంగతి చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంటుంది. నేను ఎం.ఏ. చదివినప్పుడు అరిస్టాటిల్ 'పొయెటిక్స్' సిలబస్‌లో ఉంది. అందులో ఆయన మాటిమాటికీ ఉదాహరణగా చూపే 'ఈడిపస్' నాటకాన్ని మా తరగతిలో ఎవరూ చదవలేదు. విషాదాంత నాటకానికి ఆయన చెప్పిన ఆరు అంగాలూ గైడులోంచి బట్టీపట్టి రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాం. వంటల పుస్తకం చదివి భోజనం అయిపోయిందనుకోవడం లాంటిది.

పేర్లలో దాగిన తేడా

బ్రిటన్‌లో ఈ చదువుకు ఉన్న పేర్లు కొత్తవాళ్లను తికమక పెడతాయి. క్లాసిక్స్ అంటే సాధారణంగా లాటిన్, గ్రీకు భాషలు నేర్చుకుని మూలంలో చదవడం. క్లాసికల్ స్టడీస్, క్లాసికల్ సివిలైజేషన్ అంటే ఆ ప్రపంచపు సాహిత్యం, చరిత్ర, శిల్పం, తత్వం అన్నీ ఎక్కువగా అనువాదాల ద్వారా తెలుసుకోవడం. భాష ఇష్టమైతే నేర్చుకోవచ్చు, లేకపోతే లేదు. ఏన్షియంట్ హిస్టరీ అని ఉంటే అది చరిత్ర, సాహిత్యం పాలు తక్కువ.

ఇక ఇంగ్లిష్ 'అండ్' క్లాసికల్ స్టడీస్ అని ఉంటే రెండూ సమానం. 'విత్' అని ఉంటే మొదటిది ప్రధానం, రెండోది తోడు. ఈ చిన్న మాట చూసుకోకుండా దరఖాస్తు చేసి, తీరా చేరాక ఇష్టమైన సగం పావు భాగమేనని తెలుసుకోవడం బాధాకరం. బావగారి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఇంగ్లండులో ఆనర్స్ డిగ్రీకి మూడేళ్లలో 360 క్రెడిట్లు కావాలి, ఏడాదికి 120 చొప్పున. రెండు విభాగాలు ఆ 360నే పంచుకుంటాయి. డిగ్రీ ఒకటే. చదవాల్సిన బరువు మాత్రం, నా అంచనాలో, ఒకటింబావు డిగ్రీ అంత ఉంటుంది.

మూలమా, అనువాదమా?

ఎంపికంతా చివరికి ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తుంది. విశ్వవిద్యాలయం పేరు, ఊరు, ర్యాంకు అన్నీ దీని తర్వాతే.

'ఒడిస్సీ' మొదటి పంక్తిలోనే హోమర్ తన నాయకుడు ఒడిస్యూస్‌కు ఒక విశేషణం తగిలిస్తాడు: పొలుట్రొపొస్. పొలు అంటే చాలా, ట్రొపొస్ అంటే మలుపు. దీన్ని ఇంగ్లిష్‌లోకి తేవడానికి అనువాదకులు నానా అవస్థలు పడ్డారు. 1996లో రాబర్ట్ ఫేగల్స్ మెలికలు, మలుపుల మనిషి అన్నాడు. 2017లో ఎమిలీ విల్సన్ చిక్కైన మనిషి అని తేల్చేసింది. నాకైతే తెలుగే ఇక్కడ ఒక మెట్టు పైన ఉన్నట్టనిపిస్తుంది. తిప్పడం అన్న క్రియ నుంచే మనకు తిప్పలు అన్న మాట వచ్చింది. ఒడిస్యూస్ బోలెడు తిప్పలు పడ్డవాడు, అవతలివాణ్ణి ఎటైనా తిప్పగలవాడు కూడా. గ్రీకు మాటలో ఈ రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి. అనువాదంలో చదివే విద్యార్థికి వీటిలో ఒకటే అందుతుంది, రెండోది ఉందని కూడా తెలియదు.

ఇది మూలం తరఫు వాదన. అనువాదం తరఫున కూడా గట్టి వాదన ఉంది, దాన్ని పండితులు ఒప్పుకోవడానికి ఇబ్బంది పడతారు. కొత్తగా గ్రీకు మొదలుపెట్టిన విద్యార్థి రెండో ఏడాదిలో కూడా ఒక సాయంత్రమంతా నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చుంటే ఇరవై ముప్పై పంక్తులు సాగుతాయి. 'ఒడిస్సీ'లో పన్నెండు వేలకు పైగా పంక్తులున్నాయి. అనువాదంలో చదివేవాళ్లు ఆ మూడేళ్లలో హోమర్, వర్జిల్, మరో రోమన్ కవి ఓవిడ్, ముగ్గురు గ్రీకు నాటకకర్తలు, అరిస్టోఫనీస్ ప్రహసనాలు అన్నీ తిరగేసి, వాటి మీద ఇంగ్లిష్ కవులు ఏం కట్టారో చూసే తీరిక కూడా మిగుల్చుకోగలరు.

అయితే ఎవరికి ఏది? ఇంగ్లిష్‌లో నీకు ఇష్టమైనవాళ్లెవరు అని అమ్మాయిని అడిగాను. ఈ ప్రశ్న తేలిగ్గా కనబడుతుంది కానీ చాలా తేలుస్తుంది. షేక్‌స్పియర్‌కు బడిలో నేర్చిన లాటిన్ ఉండేది. అయినా ఓవిడ్‌ను ఆయన ఆర్థర్ గోల్డింగ్ 1567 నాటి అనువాదంలో కూడా చదివాడు, 'ది టెంపెస్ట్'లో ప్రాస్పెరో తన మంత్రవిద్యకు వీడ్కోలు చెప్పే మాటల్లో ఆ అనువాదపు జాడలు స్పష్టంగా కనబడతాయి. రోమన్ నాటకాల కథలేమో గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్‌కు 1579లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదం నుంచి తీసుకున్నాడు. కీట్స్‌కు గ్రీకు రాదు. చాప్‌మన్ చేసిన హోమర్ అనువాదాన్ని 1816లో చదివి ఆ ఆనందంలోనే ఒక సానెట్ రాసేశాడు. వీళ్లూ, ఈనాటి నవలాకారులూ ఇష్టమైతే అనువాదాల దారిలో నష్టం తక్కువ. మిల్టన్, బెన్ జాన్సన్, పోప్ ఇష్టమైతే మాత్రం లాటిన్ లేకుండా లాభం లేదు. వాళ్ల ఇంగ్లిష్ వాక్యమే లాటిన్ అచ్చులో పోసినట్టుంటుంది.

మా అమ్మాయి జవాబు కీట్స్. "కానీ మామయ్యా, ఆయనకు రాని భాష నాకు వస్తే బావుంటుంది కదా" అని కూడా అంది. అక్కడే నా లెక్క తప్పింది.

భాష అనేది ఒకప్పుడు గేటు కూడా. కేంబ్రిడ్జ్‌లో 1919 వరకు, ఆక్స్‌ఫర్డ్‌లో 1920 వరకు ఏ సబ్జెక్టు చదవాలన్నా గ్రీకు వచ్చి ఉండాలన్న నియమం ఉండేది. ఆ గ్రీకు ఎక్కువగా ఖరీదైన మగపిల్లల బడుల్లోనే దొరికేది. నవలాకారిణి వర్జీనియా వుల్ఫ్ అన్నదమ్ములు కేంబ్రిడ్జ్‌కు వెళ్తే, ఆమె లండన్ కింగ్స్ కాలేజీ ఆడపిల్లల విభాగంలోనూ ఇంట్లో ఉపాధ్యాయినుల దగ్గరా గ్రీకు నేర్చుకుంది. 1925లో గ్రీకు తెలియకపోవడం గురించి ఆమె రాసిన వ్యాసం వెనక ఆ ఉక్రోషం ఉంది. అనువాదాల మీద నడిచే క్లాసికల్ స్టడీస్ వచ్చాకే మామూలు బడి పిల్లలకు ఈ తలుపు తెరుచుకుంది. అందుకే ఆ డిగ్రీని నీళ్లు కలిపిన క్లాసిక్స్ అని ఎవరైనా తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది.

ఎక్కడ ఏముంది

భాష గట్టిగా కావాలంటే మొదట కనబడేది ఆక్స్‌ఫర్డ్‌లోని క్లాసిక్స్ అండ్ ఇంగ్లిష్. ఇందులో రెండు దారులు. లాటిన్ గానీ గ్రీకు గానీ బడిలోనే చదివినవారికి మూడేళ్ల కోర్సు. అవేమీ రానివారికి నాలుగేళ్లు. మొదటి ఏడాదంతా ఆ రెండు భాషల్లో ఒకదానితో కుస్తీ. ఈ కోర్సులో నాకు బాగా నచ్చినవి వంతెన పేపర్లు. ఇతిహాసం, విషాదాంత నాటకం, ఆధునిక కవిత్వంపై ప్రాచీనుల ప్రభావం వంటి అంశాలను రెండు సాహిత్యాలనూ ఎదురెదురుగా పెట్టి చదివిస్తారు. వారం వారం వ్యాసం రాసుకుని వెళ్లి గురువు ఎదుట కూర్చుని సమర్థించుకోవాలి. సీట్లు చాలా తక్కువ, దరఖాస్తు గడువు అక్టోబర్ 15. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌కు కూడా డిగ్రీ దరఖాస్తు పెట్టడం కుదరదు. చేరాక మనసు మారితే ఏమిటని భయపడేవారికి ఒక ఊరట: 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో క్లాసిక్స్‌లో చేరి, 1913లో ఇంగ్లిష్‌కు మారాడు.

ఎటూ తేల్చుకోలేనివారికి నేను స్కాట్లండ్ చెబుతాను. ఎడిన్‌బరో, గ్లాస్గో, సెయింట్ ఆండ్రూస్‌లో ఆనర్స్ డిగ్రీ నాలుగేళ్లు. మొదటి రెండేళ్లు మూడు సబ్జెక్టుల దాకా రుచి చూసి, తర్వాత ఒకటో రెండో ఉంచుకోవచ్చు. లాటిన్ నచ్చకపోతే మర్యాదగా దాన్నుంచి బయటపడవచ్చు. ఖర్చు చూసుకోవాలి: స్కాట్లండ్‌లో స్థిరపడినవారికి ఫీజు భారం ఉండదు గానీ ఇంగ్లండు నుంచి వెళ్లేవారు ఒక ఏడాది ఫీజు, ఇంటి అద్దె అదనంగా భరించాలి. ఈ డిగ్రీ పేరు ఎం.ఏ. అని ఉంటుంది, అది మొదటి డిగ్రీయే. హైదరాబాదులో ఎవరైనా దాన్ని చూసి పీజీ అనుకుని పెళ్లి సంబంధాల్లో ఒక మెట్టు పైకి లెక్కేసినా ఆశ్చర్యం లేదు.

ఇంగ్లండులో వార్విక్, ఎక్సెటర్ వంటి చోట్ల ఉన్న జోడు డిగ్రీలు మధ్యస్థమైన దారి. సాహిత్యం ఎక్కువగా అనువాదంలో, భాష చాలావరకు ఐచ్ఛికంగా. ఎక్కువమందికి ఇవే సరిపోతాయని నా అభిప్రాయం. కానీ వీటిలో ఒక చిక్కుంది. జోడు డిగ్రీ విద్యార్థి రెండిళ్ల మధ్య తిరిగే పిల్లలాంటిది. ఇంగ్లిష్ విభాగం వాళ్లు ఆమెను అవతలి ఇంటి పిల్ల అనుకుంటారు, అవతలివాళ్లు ఇంగ్లిష్ వాళ్ల పిల్ల అనుకుంటారు. వ్యాసాల గడువులు రెండు చోట్లా ఒకే వారంలో వచ్చి పడతాయి. హోమర్ ఒకచోట, జాయిస్ ఒకచోట చదివించి, ఆ రెండిటినీ కలిపే పని విద్యార్థికే వదిలేసే కోర్సులూ ఉన్నాయి. కాబట్టి విశ్వవిద్యాలయం చూసుకోవడానికి పిలిచే ఓపెన్ డే రోజున క్యాంటీను, హాస్టలు చూసి మురిసిపోకుండా కొన్ని ప్రశ్నలు అడగాలి. రెండు విభాగాలూ కలిసి నడిపే పేపరు ఒక్కటైనా ఉందా? చివరి ఏడాది పరిశోధనా వ్యాసం రెండిటికీ మధ్యనున్న అంశం మీద రాయవచ్చా, దానికి ఇద్దరు పర్యవేక్షకులు ఉంటారా? సున్నా నుంచి లాటిన్ మొదలుపెట్టేవారికి తరగతి ఉందా, ఆ తరగతి డిగ్రీ క్రెడిట్లలో కలుస్తుందా? చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. చాలా విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది ఉత్తీర్ణులైతే చాలు, ఆ మార్కులు చివరి శ్రేణికి లెక్కలోకి రావు. కొత్త భాష మొదలుపెట్టి తప్పులు చేయడానికి అంతకంటే మంచి ఏడాది దొరకదు.

ఆ విభాగం నాలుగు కాలాలు ఉంటుందా అనేది కూడా కాస్త కనిపెట్టి చూడాలి. అమెరికాలో హోవర్డ్ విశ్వవిద్యాలయం తన క్లాసిక్స్ విభాగాన్ని మూసేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. నవలాకారిణి టోనీ మారిసన్ 1953లో పట్టభద్రురాలైంది అక్కడే. ఇంగ్లిష్ ప్రధానం, క్లాసిక్స్ తోడు, అంటే అచ్చంగా మనం మాట్లాడుకుంటున్న చదువే. అంత చరిత్ర ఉన్నచోటే అలా జరిగింది. బ్రిటన్‌లోనూ కోర్సుల జాబితా ఏటా మారుతోంది, పోయిన ఏటి పుస్తకం చూసి నిర్ణయించుకోవద్దు.

ఊరు కూడా కొంత పాఠం చెబుతుంది. లండన్‌లో చదివితే గ్రీసు నుంచి తెచ్చిన పార్థినాన్ గుడి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో, బస్సు దూరంలో ఉంటాయి. అవి అక్కడ ఉండవచ్చా అన్న వాదన కూడా తరగతిలోకి వస్తుంది. కింగ్స్ కాలేజీ విద్యార్థులు 1953 నుంచి గ్రీకు నాటకాన్ని గ్రీకులోనే ఆడుతున్నారు. ఉత్తరాన న్యూకాసిల్, డరం వైపు వెళ్తే రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ ఉంది, క్రీ.శ. 122లో మొదలైనది. దాని దగ్గరి రోమన్ సైనిక శిబిరం విండోలాండాలో 1973 నుంచి దొరుకుతున్న పల్చటి చెక్క పలకల్లో ఒకటి సుమారు క్రీ.శ. 100 నాటి పుట్టినరోజు పిలుపు. క్లాడియా సెవెరా అనే ఆమె తన స్నేహితురాలు లెపిడినాను రమ్మని రాయించి, చివర రెండు ముక్కలు స్వదస్తూరీతో చేర్చింది. లాటిన్‌లో ఒక స్త్రీ చేతిరాతగా మనకు మిగిలిన అతి పాత నమూనాల్లో అదొకటి. ఆ ముక్క చూపించినప్పుడు మా అమ్మాయి సీజర్ యుద్ధాల కంటే ఎక్కువ ఆసక్తిగా చూసింది.

ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునే పెద్దవాళ్లకు ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1969లో మొదలైన ఈ దూరవిద్యా సంస్థ ఇంగ్లిష్ సాహిత్యం, క్లాసికల్ స్టడీస్ రెండూ నేర్పుతుంది, సగం వేగంతో ఆరేళ్లలో డిగ్రీ వస్తుంది. పిల్లలు డిగ్రీకి వెళ్లిపోయాక ఖాళీ అయిన ఇంట్లో తల్లులు చదవదగ్గ చదువు ఇది. మా అక్కకు ఈ మాట చెప్పాను. నవ్వింది, లింకు మాత్రం దాచుకుంది.

ఇక్కడి నుంచి వెళ్లాలనుకుంటే

ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లలకు నా సలహా వేరు. ఇంగ్లండు వాసులకు 2025–26లో ఏడాది ఫీజు 9,535 పౌండ్లు. విదేశీ విద్యార్థులకు అది చాలాచోట్ల రెండు నుంచి నాలుగు రెట్లు ఉంటుంది. ఈ డిగ్రీ చేతికి రాగానే నెల జీతంతో ఆ అప్పు తీరిపోదు. దీన్ని చదివినవారు బోధన, ప్రచురణ, పత్రికలు, ప్రభుత్వ ఉద్యోగాల వైపు, మరికొన్ని పరీక్షలు రాసి న్యాయవాద వృత్తి వైపు వెళ్తుంటారు. అవన్నీ నెమ్మదిగా ఎక్కే మెట్లు. పొలం అమ్మి పంపదగ్గ చదువు మాత్రం కాదు, ఈ మాట ఇంగ్లిష్ మేష్టారుగానే చెబుతున్నాను. ఇంటర్‌లో ఇంగ్లిష్ ఒక భాషగా ఉంటుందే తప్ప సాహిత్యం లోతుగా ఉండదు, అక్కడి ప్రవేశాలకు అది మరో అడ్డంకి.

ఇక్కడే ఇంగ్లిష్ ఆనర్స్ చదివి, అక్కడ ఏడాది ఎం.ఏ. చేయడం తెలివైన పని. ఛీవ్‌నింగ్, రోడ్స్ వంటి ఉపకార వేతనాలు పీజీ స్థాయికే ఉన్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2015 నాటి ఇంగ్లిష్ ఆనర్స్ సిలబస్‌లో యూరప్ ప్రాచీన సాహిత్యానికి ఒక పూర్తి పేపరు ఇచ్చి హోమర్, సోఫోక్లీస్, ప్లౌటస్, ఓవిడ్, హోరేస్‌లను పెట్టింది. పక్కనే భారతీయ ప్రాచీన సాహిత్యానికి మరో పేపరు. ఆ రెండూ పక్కపక్కన చదివే అవకాశం బ్రిటన్‌లో తేలిగ్గా దొరకదు.

మార్కుల కోసం ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నవాళ్లకు ఒక మాట. అందులో నిజంగా కాస్త నేర్చుకున్నవారు ఎవరైనా ఉంటే, ఆ కష్టం వృథా కాలేదు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని అన్నాడు. రామః, రామౌ, రామాః అని వల్లించిన నోటికి లాటిన్ విభక్తులు ఆరు చూసి భయం వేయదు. గ్రీకులో ద్వివచనం ఉంది, ఆత్మనేపదాన్ని పోలిన క్రియారూపమూ ఉంది. ఇంగ్లిష్ తప్ప మరోటి రాని సహాధ్యాయి నెల రోజులు తల పట్టుకునే చోట మన పిల్లలు వారంలో దాటేస్తారు.

చివరికి మా ఇంటి సంగతి. బ్రిటన్ విశ్వవిద్యాలయాల దరఖాస్తులో ఐదు ఎంపికలు ఇవ్వవచ్చు. జాబితా తొమ్మిది దగ్గర ఆగిపోయి తగ్గనంది. అప్పుడు అమ్మాయికి ఒక పరీక్ష పెట్టాను. బళ్లలో వాడే లాటిన్ మొదటి వాచకం, పాంపేయీలో కైకిలియస్ అనే వడ్డీ వ్యాపారి ఇంట్లో మొదలయ్యేది, కొనుక్కుని నెల రోజులు రోజుకు అరగంట చదవమన్నాను. నెల తిరిగేసరికి ఎవరూ చెప్పకుండా పుస్తకం తెరుస్తుంటే భాష ఉన్న కోర్సులు ఉంచు, లేకపోతే వాటిని కొట్టేసి హాయిగా అనువాదాల దారి పట్టు, ఇందులో తప్పేమీ లేదు అని చెప్పాను.

పంతొమ్మిదో రోజున రాత్రి పదకొండున్నరకు వాయిస్ మెసేజ్ వచ్చింది. "మామయ్యా, వీళ్లు క్రియను వాక్యం చివర పెడుతున్నారు. అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంది." మర్నాటికి జాబితాలో నాలుగు పేర్లు కొట్టేసి ఉన్నాయి. ఆ నాలుగూ సున్నా నుంచి లాటిన్ చెప్పని చోట్లే.